ఇంట్లోంచి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్: ముందు డబ్బు కట్టమంటే ఆగండి

"ఇంట్లో కూర్చుని టైపింగ్, నెలకు ఇరవై వేలు" అని గోడల మీద అంటించిన కాగితాలు విద్యానగర్‌లో మీరూ చూసే ఉంటారు. మా పక్కింటి అక్క అలాంటి నంబర్‌కే ఫోన్ చేసి, రిజిస్ట్రేషన్ అంటే మూడు వేలు కట్టింది. పని రాలేదు. తర్వాత ఫోన్ కూడా ఎత్తలేదు.

మరి అసలు పని ఎలా ఉంటుంది? అమెరికాలో డాక్టర్ పేషెంట్‌ని చూశాక వివరాలు చెప్పి రికార్డ్ చేస్తాడు. అక్కడ రాత్రి, ఇక్కడ పగలు. మనవాళ్లు విని, టైప్ చేసి, అక్కడ తెల్లారేసరికి పంపిస్తారు. డబ్బులు ఎక్కువగా లైన్ల లెక్కనే. స్పేస్‌లతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైన్.

హైపోటెన్షన్ అంటే బీపీ తక్కువ, హైపర్‌టెన్షన్ అంటే ఎక్కువ. సరిగ్గా వినకపోతే రిపోర్టే తారుమారు! పైగా పేషెంట్ వివరాలు బయటికి పోకూడదని అమెరికాలో 1996లో హిపా చట్టం వచ్చింది. అందుకే చేయి తిరగని వాళ్లకి ఇంటి నుంచి పని దొరకడం కష్టం.

దొరికినా నిలబెట్టుకోవడం ఇంకో కష్టం. ఇప్పుడు సాఫ్ట్‌వేరే టైప్ చేసేస్తోంది. ఇందులో పేరున్న న్యువాన్స్‌ని 2022లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. మనిషికి మిగిలింది తప్పులు దిద్దడం. ఆడియో మళ్లీ మొత్తం వినాల్సిందే, లైన్ రేటు మాత్రం తక్కువ.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నిజంగా పని ఇచ్చేవాళ్లు టెస్ట్ పెడతారు, డబ్బు అడగరు. అక్క సిగ్గుపడి రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. మీరలా చేయకండి, వెంటనే 1930కి కాల్ చేయండి. ఉంటా మరి!