బారామహల్‌లో బంగారు బిందెలు

తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కొండపక్క పల్లెల్లో గుప్తనిధి మాట పుట్టిందంటే ముందు బలయ్యేది రాయి. రాత్రికి రాత్రే వీరగల్లు చుట్టూ నడుము లోతు గొయ్యి వెలుస్తుంది. గట్టున కుంకుమ అద్దిన నిమ్మచెక్కలు, పగిలిన కొబ్బరికాయ, కర్పూరం మసి. వెయ్యేళ్లకు పైగా ఎండకూ వానకూ చెక్కుచెదరని వీరుడు గడ్డపార దెబ్బకు విల్లు పట్టిన చెయ్యి పోగొట్టుకుని బోర్లా పడి ఉంటాడు. తవ్వినవాళ్లకు దొరికేది మట్టి. ఊరికి మిగిలేది గొయ్యి.

ఈ తవ్వకాల వెనక చెప్పుకునే కథ దాదాపు ఒకటే. 1792లో బారామహల్ అని పిలిచే ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు వదిలి వెళ్తూ టిప్పు సుల్తాన్ తన ఖజానాను కొండకోటల్లో, ఏటి గట్లలో పాతిపెట్టించాడట. గుర్తుకు రాళ్లు నాటించాడట.

రాళ్ల సంగతే ముందు చూద్దాం. టిప్పు పుట్టింది 1751లో. ఈ ప్రాంతపు పాత వీరగల్లులు పల్లవుల కాలానివి, అంటే ఆయన కంటే వెయ్యేళ్లకు పైగా పెద్దవి. పొరుగువాళ్లు ఆవులమందను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయిన మనిషికి ఊరు పెట్టుకున్న గుర్తు అది. మీద వట్టెళుత్తు లిపిలో రాజు పేరు, ఏలుబడి సంవత్సరం, చనిపోయినవాడి పేరు ఉంటాయి. కొన్నిటి మీద వీరుడి కాళ్ల దగ్గర ముక్కు చెంబు కూడా చెక్కి ఉంటుంది. దాన్ని బంగారు బిందెకు గుర్తని నమ్మించడానికి మాటకారి మంత్రగాడికి ఎంతసేపు పడుతుంది? చదవడం రాని లిపిని నిధి పటం అనుకోవడం మనకు కొత్తేమీ కాదు. రాయలసీమలోనూ తెలంగాణలోనూ కోటల్ని, పాడుబడ్డ గుళ్లని గుల్ల చేసింది ఇదే తెలివి.

ఇక ఖజానా. 1792 మార్చి 18న కుదిరిన శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. బారామహల్, సేలం, దిండిగల్, మలబారు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాటాకు వచ్చాయి. దానిపైన 3 కోట్ల 30 లక్షల రూపాయల పరిహారం. సగం వెంటనే చెల్లించాలి, మిగతాది వాయిదాల్లో. అది తీరేదాకా ఇద్దరు కొడుకుల్ని కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు దగ్గర తాకట్టు పెట్టాడు. ఇద్దరూ చిన్నపిల్లలే. ఆ పిల్లలు ఇంటికి తిరిగొచ్చింది 1794లో. ఆ డబ్బు కోసం సైన్యం నుంచీ ఉద్యోగుల నుంచీ జనం నుంచీ టిప్పు వసూళ్లు చేశాడని మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ చెబుతాడు. కన్నకొడుకులు పరాయి శిబిరంలో ఉండగా బిందెల కొద్దీ బంగారాన్ని కృష్ణగిరి కొండమీద మరిచిపోయిన తండ్రి కథ నమ్మాలంటే మనసు గట్టిదై ఉండాలి.

పైగా ఆయన పారిపోలేదు. శ్రీరంగపట్నం నుంచే మరో ఏడేళ్లు ఏలాడు. కృష్ణగిరి కోట 1791 నవంబరు దాడిలో కూడా కంపెనీకి లొంగలేదు. సంధి రాసుకున్నాకే చేతులు మారింది. తన ఊరూ తన కోటా చేతిలో ఉండగా, శత్రువుకు రాసిచ్చేసిన నేలలో సొత్తు పాతిపెట్టే రాజు ఎవరు? టిప్పు అసలు ఖజానా ఏమైందో దాపరికం కూడా లేదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కంపెనీ సైన్యం దాన్ని లెక్కగట్టి హోదాల వారీగా పంచుకుంది. సింహాసనాన్ని సైతం ముక్కలు చేసింది. దాని బంగారు పులితల ఇప్పుడు ఇంగ్లండులో, విండ్సర్ కోటలో ఉంది. పలుగూ పారా అక్కర్లేదు, టికెట్టు కొంటే చాలు.

కావేరిపట్నం గట్టున నిధి ఉందనేవాళ్లు ఆ ఊరి చరిత్ర ఒక్కసారి తిరగేయాలి. పేరులో కావేరి ఉన్నా ఊరు ఉన్నది దక్షిణ పినాకిని ఒడ్డున, మన నెల్లూరు పెన్నకు తోబుట్టువు లాంటి ఏటి మీద. 2004 దాకా ధర్మపురి జిల్లాలోదే, ఇప్పుడు కృష్ణగిరిలో ఉంది. మొదటి మైసూరు యుద్ధంలో, 1767లో, నెలల తేడాతో ఈ చిన్న కోట కంపెనీకీ టిప్పు తండ్రి హైదరలీకీ మధ్య చేతులు మారింది. గెలిచిన ప్రతివాడూ ముందు వెతికేది గాదెలూ పెట్టెలూనే. ఇన్ని చేతులు తడిమిన చోట మిగిలిన బిందె ఒక్కటీ మన ఊరి మంత్రగాడికోసమే ఆగిందా?

తడమడం అంటే కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ని తలుచుకోవాలి. కంపెనీ ఈ సీమకు పంపిన తొలి కలెక్టరు ఆయనే. కింద ముగ్గురు సహాయకులు, అందరూ సైనికులే. దేశభాషలు రాని మద్రాసు సివిల్ దొరల మీద కారన్‌వాలీసుకు నమ్మకం లేకపోవడం దీనికి ఒక కారణం. ఆ ముగ్గురిలో ఒకడు థామస్ మన్రో, ధర్మపురిలో ఏడేళ్లు కాపురమున్నాడు. వీళ్లు పొలం పొలం కొలిపించి, నేల రకం చూసి శిస్తు కట్టారు. ఊళ్లు, కులాలు, పంటలు, వృత్తులు అన్నీ రాయించారు. ఆ కాగితాలనే తర్వాత మద్రాసు ప్రభుత్వం ‘బారామహల్ రికార్డ్స్’ పేరుతో అచ్చువేసింది. కంపెనీకి ఈ కొండల్లో దొరికిన నిధి ఏటేటా వచ్చే ఆ శిస్తే.

ఈ సీమ గురించి చెప్పుకునే మిగతా కట్టుకథలు గబగబా. రైతుతోనే నేరుగా శిస్తు కుదుర్చుకునే రైతువారీ పద్ధతి మన్రో బుర్రలో పుట్టిందనేది సగం మాట, ఇక్కడ పెద్దదొర రీడ్. తెలుగువాళ్లు దొరల వెంట వచ్చారనేది శుద్ధ అబద్ధం. పెనుకొండ రాయల తరఫున ఈ సీమను ఏలిన జగదేవరాయలు 16వ శతాబ్దం చివరివాడు, ఆయన తర్వాత కడప నవాబుల ఏలుబడీ నడిచింది. నరసింహస్వామి ధర్మపురి గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లాలో ఉంది, ఈ ధర్మపురి వేరు. కృష్ణగిరి నుంచి శ్రీరంగపట్నానికి సొరంగమా? నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు రాతినేల, చివర కావేరి మధ్య లంక. తవ్వినవాళ్లు ఎవరో, ఆ మట్టి ఎక్కడ పోశారో కూడా చెబితే బాగుండును.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. నేలలో నాణేలు దొరకడం అబద్ధం కాదు. దండు వస్తోందంటే రైతూ షావుకారూ ఉన్న నాలుగు వరహాలు ముంతలో పెట్టి పూడ్చిన రోజులవి. పూడ్చినవాడు తిరిగి రాకపోతే ముంత అక్కడే ఉండిపోతుంది. మ్యూజియాల్లోని నాణేలు చాలామటుకు అలా వచ్చినవే. అయితే వాటిని బయటపెట్టింది నాగలి కర్రు, పునాది గుంట. అంజనం వేసి కనిపెట్టింది ఏదీ లేదు.

అలా దొరికితే దాచడం తెలివితక్కువ. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. పది రూపాయలకు మించిన విలువైనది నేలలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. సొంతదారు లేడని తేలితే, నేల వేరొకరిదైనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, నేల ఆసామికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువపై మరో అయిదో వంతు కలిపి ఇస్తుంది. దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. కృష్ణగిరి, రాయకోట కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి అక్కడ గడ్డపార దించితే కేసు వేరే.

పొలంగట్టున వీరగల్లు కనబడితే సిమెంటు పొయ్యకండి, రంగు వెయ్యకండి, నిలబెడదామని జేసీబీ పిలవకండి. ఫోటో తీసి, పక్కన ఉన్న చెట్టో బావో గుర్తు రాసుకుని తహసీల్దారుకు చెప్పండి. చక్కగా నిలిచిన రాళ్లు ఎలా ఉంటాయో చూడాలంటే ధర్మపురిలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.