బస్తర్ గిరిజనులకు వెదురు తెప్పలే ఉపాధి

జగదల్పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో కాంగేర్ నదిపై సాగే వెదురు తెప్పలు ధుడ్‌మారస్ గ్రామానికి కొత్త జీవనాధారమయ్యాయి. 1982లో ప్రకటించిన కాంగేర్ లోయ జాతీయ పార్కు పరిధిలో ఈ గ్రామం ఉంది. ధుర్వా గిరిజన యువకులు వెదురు బొంగులతో తెప్పలు కట్టి, గడలతో నడుపుతూ పర్యాటకులను నదిపై తిప్పుతున్నారు. బస, భోజన సదుపాయాలను గ్రామస్థులే సమకూరుస్తున్నారు.

ఈ అడవికి పోరాట చరిత్ర ఉంది. బస్తర్ అడవుల్లో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. దానిపై రగిలిన అసంతృప్తి 1910లో భూంకాల్ తిరుగుబాటుకు దారితీసింది. అది కాంగేర్ అడవుల్లోనే మొదలైంది. దాని నాయకుడు గుండాధుర్ కూడా ధుర్వా తెగవాడే.

నాడు పోరాటానికి కారణమైన అడవి నేడు చెట్టు నరకకుండానే ఆదాయం చూపుతోంది. ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఎంపిక చేసిన 20 గ్రామాలలో ధుడ్‌మారస్ ఒకటి. అయితే వర్షాకాలంలో నది పొంగితే తెప్పలు ఒడ్డుకు చేరక తప్పదు. సందర్శకుల తాకిడి మితిమీరితే నదికీ, అడవికీ ముప్పే. కాంగేర్ నీరు కొలాబ్‌లో, అంటే తెలుగువారి శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. ఆ నీరు స్వచ్ఛంగా ఉన్నంతకాలమే ఈ ఉపాధి నిలుస్తుంది.