ఫోనులో ఇంటి పద్దులు – లాభమెంత, జాగ్రత్త ఎంత?

ఇప్పుడు మన సభ్యులలో చాలామంది ఇళ్లలో స్మార్ట్ ఫోను ఉన్నది. పాల బిల్లు బ్యాంకు ఖాతాలో జమ అయిన కబురు ఆ ఫోనుకే వస్తున్నది. అదే ఫోనులో ఇంటి జమాఖర్చులు రాసిపెట్టే యాప్‌లు కూడా దొరుకుతున్నాయి. చదువుకున్న పిల్లలు వాటిని పెద్దల ఫోనులో వేసి, “ఇక చిట్టా పుస్తకం ఎందుకు?” అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకునే ముందు ఈ యాప్ ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో పాడి రైతు తెలుసుకోవాలి.

యాప్ ఎలా పనిచేస్తుంది?

ఇవి మూడు రకాలుగా పనిచేస్తాయి. మొదటి రకంలో ప్రతి ఖర్చునూ మనమే రాయాలి. రెండో రకం, బ్యాంకు నుంచి వచ్చే సందేశాలను తనే చదివి జమ, ఖర్చు రాసుకుంటుంది. మూడో రకం మన అనుమతితో బ్యాంకు ఖాతా వివరాలను నేరుగా తెప్పించుకుంటుంది. ఇలా వివరాలు అందించే అకౌంట్ అగ్రిగేటర్ సంస్థలకు భారతీయ రిజర్వ్ బ్యాంకు 2016లో నిబంధనలు ఏర్పరచింది. ఖాతాదారు సమ్మతి లేకుండా అవి వివరాలు ఇవ్వరాదు. ఇచ్చిన సమ్మతిని ఖాతాదారు తిరిగి రద్దు చేసుకోవచ్చు.

మేలు

యాప్ కూడికలో తప్పు చేయదు. కిరాణా, బడి ఫీజు, మందులు, బస్సు చార్జీలు ఇలా ఖర్చును పద్దుల వారీగా విడదీసి నెలాఖరుకు మొత్తం చూపుతుంది. ఫోను ద్వారా చెల్లించే 20, 30 రూపాయల చిల్లర ఖర్చులు మనకు గుర్తుండవు. అవన్నీ కలిసి నెలకు ఎంతయ్యాయో యాప్ చూపినపుడు ఆశ్చర్యపోని వారు తక్కువ. కరెంటు బిల్లు, చీటీ డబ్బు, అప్పు వాయిదా గడువులను ముందుగా గుర్తుచేస్తుంది. నెల జీతం వచ్చే ఇంటికి ఇది చక్కని సాధనమే.

కాని పాడి ఇల్లు నెల జీతపు ఇల్లు కాదు. చిక్కు ఇక్కడే ఉన్నది.

యాప్‌కు కనిపించని లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ అంకెలు లెక్క తెలియడానికి మాత్రమే. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ప్రకారం మీ సంఘంలో వచ్చే ధరను, మీ దాణా ఖర్చును వేసుకుని మీ లెక్క మీరు చేసుకోవాలి.

ఒక సభ్యుని గేదె సగటున రోజుకు 6 లీటర్లు ఇస్తున్నది. 1 లీటరు ఇంటికి ఉంచుకుని 5 లీటర్లు కేంద్రంలో పోస్తున్నారు. ధర లీటరుకు 60 రూపాయలు అనుకుందాం. 15 రోజుల బిల్లు ఇలా ఉంటుంది:

పోసిన పాలు 75 లీటర్లు – రూ. 4,500
తగ్గింపు: దాణా – రూ. 1,500
తగ్గింపు: గేదె అప్పు వాయిదా – రూ. 1,200
ఖాతాలో పడినది – రూ. 1,800

యాప్‌కు తెలిసినది చివరి పంక్తి ఒక్కటే. అది “రాబడి రూ. 1,800” అని రాసుకుంటుంది. పాల రాబడి 4,500 అని దానికి తెలియదు. దాణాకు 1,500 పోయిందని తెలియదు. ఇంట్లో వాడుకున్న 15 లీటర్ల పాల విలువ 900 రూపాయలు దాని లెక్కకు రానే రాదు. సొంత పొలంలోని పచ్చిమేత, ఇంటిల్లిపాది చాకిరీ, పెంటకుప్పలోని ఎరువు సంగతి సరేసరి.

దీనివల్ల జరిగే నష్టం ఏమిటి? వెన్న శాతం తగ్గి బిల్లు తగ్గినా, దాణా ఎక్కువ తీసుకున్నందువల్ల తగ్గినా యాప్‌లో ఒకే విధంగా కనిపిస్తుంది. మొదటిదైతే మేత, గేదె ఆరోగ్యం, నమూనా పరీక్ష విషయం చూసుకోవాలి. రెండోదైతే చూసుకోవలసినది వేరు. రోగం తెలియకుండా మందు వేయలేము కదా. కనుక ఖాతాలో పడిన సొమ్మును కాక, బిల్లులోని ప్రతి పంక్తినీ విడివిడిగా రాయాలి.

వట్టిపోయిన నెలల మాట

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. యాప్ నెలను ప్రమాణంగా తీసుకుంటుంది. గేదె లెక్క ఈత నుంచి ఈతకు. గేదె ఈనిన తరువాత ఇంచుమించు 10 నెలలు పాలిస్తుంది. చూడి కాలమే 10 నెలల పైచిలుకు. సకాలంలో చూలు కట్టకపోతే ఈతకు, ఈతకు మధ్య 15 నెలలు, ఒక్కొక్కసారి అంతకు మించి పడుతుంది. అంటే 10 నెలలు పాడి, 5 నెలలు వట్టి.

పై గేదె లెక్కే ముందుకు తీసుకుపోదాం. పాడి నెలలో ఖాతాలో 3,600 పడతాయి. ఎండుగడ్డి, మందులకు వెయ్యి పోగా 2,600 మిగులుతాయి. యాప్ దీనిని మిగులుగా చూపుతుంది. 10 నెలలకు మిగులు 26,000.

ఇక వట్టిపోయిన నెలలు. పాల బిల్లు లేదు. చూడి గేదెకు దాణా నెలకు 1,000 అనుకుందాం. ఎండుగడ్డి, మందులకు 1,000. అప్పు వాయిదా ఆగదు గనుక 2,400. మొత్తం నెలకు 4,400. అయిదు నెలలకు 22,000.

26,000లో 22,000 పోతే మిగిలేది 4,000. పదిహేను నెలలకు పంచితే నెలకు 266 రూపాయలు!

నెలకు 2,600 మిగులుతున్నదని యాప్‌లో చూసి, ఆ ధైర్యంతో వాయిదాల మీద వస్తువులు కొన్న ఇల్లు వట్టిపోయిన నెలల్లో అప్పుకు వెళుతుంది. ఒక్కొక్కసారి చూడి గేదెనే అమ్ముకోవలసి వస్తుంది. తప్పు యాప్‌ది కాదు. దానికి గేదె సంగతి ఎవరూ చెప్పలేదు.

దీనికి ఉపాయం సులభమే. ఈ గేదె విషయంలో ప్రతి 15 రోజుల బిల్లు నుంచి 1,100 రూపాయలు పక్కన పెడితే 10 నెలల్లో 22,000 సమకూరుతాయి. ఆ సొమ్మును రోజువారీ ఖాతాలో ఉంచకుండా పొదుపు ఖాతాలోగాని, రికరింగ్ డిపాజిట్టులోగాని వేసుకోవాలి. యాప్ వాడేవారు “వట్టి నెలల నిధి” అని ఒక పద్దు తెరిచి, దీనిని ఖర్చుగానే రాసుకోవాలి.

ఇదే లెక్క మరో సంగతి చెబుతుంది. చూలు కట్టడం ఒక నెల ఆలస్యమైతే వట్టి నెల మరొకటి పెరిగి 4,400 రూపాయల భారం పడుతుంది. ఎదకు వచ్చిన తేదీ, ఇంజెక్షను చేయించిన తేదీ, చూడి పరీక్ష తేదీ రాసిపెట్టుకోవడం కూడా ఇంటి బడ్జెట్‌లో భాగమే. ఒక ఎద గుర్తించకపోతే సుమారు 21 రోజులు చేజారినట్లే. ఇంటి ఖర్చుల యాప్ ఈ తేదీలను అడగదు.

జాగ్రత్తలు

1. అనుమతులు చూసి ఇవ్వండి. జమాఖర్చులు రాసే యాప్‌కు మీ ఫోనులోని పేర్ల జాబితాతోగాని, ఫొటోలతోగాని పని లేదు. అడిగితే దానిని తీసివేయడం మేలు.

2. లెక్కలు చూపే యాప్ అప్పు ఇస్తానంటే ఆగి ఆలోచించండి. అప్పు ఇచ్చే యాప్‌లు ఫోనులోని పేర్లు, కాల్ వివరాలు, ఫొటోలు చూడరాదని రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. 2025 ఆదేశాలలోనూ అది ఉన్నది. నిర్వహణ ఖర్చులకు అప్పు అవసరమైతే ముందుగా కిసాన్ క్రెడిట్ కార్డు గురించి బ్యాంకులో అడగండి. 2018–19 బడ్జెట్టులో ఆ సౌకర్యాన్ని పాడి రైతులకు కూడా విస్తరించారు.

3. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు, పోవడానికే కావాలి. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

4. యాప్ శాశ్వతం కాదు. మైక్రోసాఫ్ట్ మనీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకాన్ని ఆ కంపెనీ 2009లో ఆపివేసింది. అమెరికాలో పేరుపొందిన మింట్ 2024 మార్చిలో మూతపడింది. పెద్ద కంపెనీలవే ఇలా అయినపుడు చిన్నవాటి సంగతి చెప్పనక్కరలేదు. నెలకొకసారి మొత్తాలను పుస్తకంలోకి ఎత్తి రాసుకోవాలి.

5. ఫోను ఎవరి చేతిలో ఉన్నది? అనేక ఇళ్లలో పాలు పితికేది, కేంద్రానికి తెచ్చేది ఇల్లాలు. ఫోను మాత్రం భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుంది. కొడుకు పట్నం వెళితే లెక్క కూడా పట్నం వెళుతుంది. గేదెను సాకే మనిషికి తెలియని లెక్క ఎంత చక్కగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఏమి చేయాలి?

పుస్తకమా, ఫోనా అని పంతం పట్టనక్కరలేదు. పాడి లెక్క పుస్తకంలోను, ఇంటి ఖర్చు ఫోనులోను ఉంచుకోవచ్చు. పుస్తకంలో పూటకొక పంక్తి చాలు: తేదీ, పోసిన లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ఇంటికి ఉంచిన పాలు, కొన్న దాణా, ఇతర ఖర్చు. చీటీలో ఉన్నదే రాయాలి. చివరి పేజీలో గేదె ఈనిన తేదీ, ఎద, ఇంజెక్షను తేదీలు ఉండాలి. అక్షరాలు రానివారు పిల్లలచేత రాయించుకుని, రాత్రిపూట చదివించుకుని వినాలి.

బిల్లు వచ్చిన రోజున పుస్తకాన్ని బిల్లుతో సరిచూడండి. తేడా ఉంటే వెంటనే సంఘం కార్యదర్శిని అడగండి. అడగడం సభ్యుల హక్కు, చూపడం సంఘం బాధ్యత. ఆ తరువాత మొత్తం రాబడిని, తగ్గింపులను విడివిడిగా యాప్‌లో వేసుకోండి. అపుడు అది చూపే లెక్క మీ ఇంటి లెక్క అవుతుంది.

రెండో గేదె కొనాలనుకునే సభ్యులు ముందుగా ఉన్న గేదె లెక్కను ఒక ఈత కాలం పూర్తిగా రాసి చూడాలి. వట్టి నెలల నిధి తీయగా ఇంకా మిగులు కనిపిస్తే ధైర్యంగా అడుగు వేయవచ్చు. మిగులు కనిపించకపోతే కొత్త గేదె కంటె ముందు, ఉన్న గేదె మేత మీద, చూలు కట్టించడం మీద శ్రద్ధ పెట్టడం లాభదాయకం.