మన పిల్లలు – నవలాపఠనము

"మా అమ్మాయి ఆంగ్ల నవల చేతబట్టినచో భోజనమునకు పిలిచినను పలుకదు. అదే పిల్ల తెలుగు పుస్తకమును రెండు పుటలు త్రిప్పి మూసివేయును. ఏమి చేయవలెను?" చెన్నపట్టణమున తెలుగు తల్లిదండ్రులు ఇద్దరు కలిసినచోట ఈ ప్రశ్న తరచుగా వినబడుచుండును. తెలుగు చదువు సరిగా రాకపోవుటయే కారణమని ఒకరందురు. తెలుగు పుస్తకములు పిల్లలకు ఇంపుగా లేవని మరియొకరందురు. రెండింటను కొంత నిజము లేకపోలేదు. కాని వీటికంటె బలమైన కారణము వేరొకటి కలదు. ఆ అమ్మాయి ఆంగ్ల నవలను ఒంటరిగా చదువుట లేదు. తరగతిలో నలుగురు స్నేహితురాండ్రు అదే పుస్తకమును చదువుచున్నారు. రేపు ఉదయము బస్సులో దానిని గూర్చి మాటలాడుకొనవలెను. వెనుకబడినచో ఆ మాటలలో తనకు చోటుండదు. తెలుగు పుస్తకమును మాత్రము ఆమె ఒంటరిగా, మనము చదువుమన్నాము గనుక చదువుచున్నది.

12 మొదలు 18 ఏండ్ల వరకు గల వయస్సువారిని ఉద్దేశించి వ్రాయబడు నవలలను ఆంగ్లమున 'యంగ్ అడల్ట్' నవలలందురు. మనము కౌమార నవలలనవచ్చును. ఈ శాఖ మిక్కిలి పాతది కాదు. అమెరికా గ్రంథాలయ సంఘము ఈ వయస్సు పాఠకులకై ప్రత్యేక విభాగమును 1957లో ఏర్పరచినది. 1967లో ఎస్. ఇ. హింటన్ వ్రాసిన 'ది ఔట్‌సైడర్స్' అను నవల వెలువడినది. ఓక్లహోమా రాష్ట్రమునకు చెందిన ఆ బాలిక 15 ఏండ్ల వయస్సున దానిని వ్రాయ మొదలిడినది; అచ్చగునప్పటికి ఆమెకు 18 ఏండ్లు. తన తోటివారు బ్రతుకుచున్న తీరు ఏ పుస్తకములోను కనబడకపోవుటచే తానే కలము పట్టినది. బీదపిల్లల ముఠాకును ధనికపిల్లల ముఠాకును నడుమ జరుగు కొట్లాటలే అందలి కథ. పెద్దలు కొందరు దానిని బడులనుండి తొలగింపజూచిరి. పిల్లలు మాత్రము చేతులు మార్చుకొనుచు చదివిరి.

చేతులు మార్చుకొనుట అనునదే ఇందు కీలకము. ఈ వయస్సున పిల్లలు తమ ఇష్టానిష్టములను తల్లిదండ్రుల కొలతతో గాక తోటివారి కొలతతో చూచుకొందురు. ఇది అవిధేయత కాదు, పెరుగుదల. 'ఫలానా పాత్ర నాకు నచ్చలేదు' అనుట తేలిక; 'మా అన్నయ్యపై నాకు కోపముగా నున్నది' అనుట కష్టము. నడుమ ఒక పుస్తకమున్నచో రెండవ మాట మొదటి మాట చాటున బయటికి వచ్చును. 2007 జూలై 21న హారీ పాటర్ కథలలో కడపటి పుస్తకము వెలువడిననాడు మన దేశపు నగరములలో పిల్లలు తెల్లవారుజామున లేచి పుస్తకశాలల ముందు బారులు తీరిరి. మరునాడు కొన్నను పుస్తకములో ఒక్క అక్షరము మారదు. కాని ఈలోపల కథాంతమును తోటివారి నోట వినవలసి వచ్చును. వారి తొందర పుస్తకము కొరకు కంటె, దానిని గూర్చిన సంభాషణలో పాలుగొనుట కొరకు.

ఇట్టి తొందర తెలుగు పుస్తకమునకు ఎన్నడును లేదనుకొనరాదు. ఒకప్పుడు ఉండెను, అదియు ఈ నగరముననే.

ఆకాశవాణి మద్రాసు కేంద్రమున బాలల కార్యక్రమములు నడపి 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' అని పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ఇచ్చట 'బాల' పత్రికను స్థాపించిరి. పిల్లలకై పెద్దలు వ్రాసినదే గాక, పిల్లలు వ్రాసినదియు వారు అచ్చువేసిరి. ఆ సంవత్సరమే అందు 'అమ్మమాట వినకపోతే' అను కథ వెలువడినది. వ్రాసినవాడు 14 ఏండ్ల ముళ్లపూడి వెంకటరమణ. కుటుంబము కష్టములలో పడి గోదావరి సీమ విడిచి మద్రాసు చేరగా, ఆయన మైలాపూరులోని పి. ఎస్. హైస్కూలున కొంతకాలము చదివెను. అచ్చటి సహాధ్యాయులలో ఒకడు సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఆ బాలునే తరువాత లోకము బాపు అని పిలిచినది. ఆయన బొమ్మలు సైతము తొలుత 'బాల'లోనే వచ్చినవి. రమణ మరికొందరు మిత్రులతో చేరి, చందాలు పోగుచేసి, నకళ్లు తీయు పరికరమొకటి కొని, 'ఉదయభాను' అను పత్రికను నడపెను. చదివినదానిని నలుగురికి చెప్పవలెనను ఉబలాటము కొంత ముదిరినచో పత్రిక యగును. 1956లో ఆంధ్ర పత్రిక వారపత్రికలో 'బుడుగు'ను వ్రాసినవారును, దానికి బొమ్మలు వేసినవారును ఈ ఇద్దరు బడిపిల్లలే. పాఠశాల పత్రికయనగానే పెదవి విరుచువారు ఈ సంగతిని గమనింపగలరు.

ఇక 'చందమామ'. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దీనిని ప్రారంభించిరి. తమిళమున 'అంబులిమామ' ఆ సంవత్సరమే వెలువడినది. కొడవటిగంటి కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం గార్లు 1952లో సంపాదకవర్గమున చేరిరి. దాసరివారు 1954లో 'తోకచుక్క'తో మొదలిడి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మొదలగు ధారావాహికలను వరుసగా వ్రాసిరి. వారి పేరు పత్రికలో అచ్చు కాలేదు. పిల్లలెరిగిన సంతకము బొమ్మలు గీసిన 'చిత్ర'దే.

ఈ ధారావాహికలను నేడు ఎవరైన క్రొత్తగా వ్రాసినచో కౌమార నవలలనియే అందురు. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి. 'రాతిరథం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు – అందరును ఇల్లు విడిచి స్నేహితుని వెంట సాహసమునకు బయలుదేరిన యువకులే. కాని వీటి ఆకర్షణకు కారణము కథలో మాత్రమే లేదు. కథను పంచిపెట్టిన విధానమున కూడ ఉన్నది. ప్రతి భాగమును సరిగా ప్రమాదపు అంచున ఆగును. తరువాతి సంచికకు నెలదినములు వేచియుండవలెను. ఆ నెలదినములు పిల్లలకు ఊహించుట, వాదులాడుట, పందెములు వేసికొనుట తప్ప గత్యంతరము లేదు. ఇక భాగారంభమున జరిగిన కథ నాలుగు పంక్తులలో ఇచ్చెడివారు. నడుమ వచ్చి చేరిన పిల్లవాడు సైతము ఆ నాలుగు పంక్తులు చదివి గుంపులో కలిసెడివాడు. నవల ఒక్కసారిగా చేతికి వచ్చినచో ఒకడు రెండు దినములలో ముగించును, ఇంకొకడు రెండు నెలలు లాగును. ఇద్దరికి మాట కలియదు. ధారావాహిక అందరిని ఒకే పుటలో నిలిపినది.

మన నగరమునకు మరియొక సౌకర్యము కూడ కలిగినది. 'చందమామ' కథలే, 'చందమామ' బొమ్మలే 'అంబులిమామ'లోను వచ్చుచుండెడివి. ఒకే బల్లపై కూర్చున్న తెలుగు బాలుడును తమిళ బాలుడును వేరువేరు లిపులలో ఒకే కథ చదివి, ఏ భాష నోటికి వచ్చిన ఆ భాషలో చర్చించుకొనవచ్చును. తెలుగు చదువుట వలన ఆ బాలుడు తోటివారికి దూరము కాలేదు. నేటి పిల్లలకు లోపించినది ముఖ్యముగా ఇదియే.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన తరువాత తెలుగు పత్రికలును, ప్రచురణకర్తలును క్రమముగా తరలిపోయిరి. రాఘవరావు దంపతులు హైదరాబాదు చేరిరి. 'చందమామ' ఇచ్చటనే నిలిచినది గాని, 2007లో చేతులు మారి, 2013 నాటికి ఆగిపోయినది. దాసరివారు 2006 వరకు అందు పనిచేసి 2010లో కీర్తిశేషులైరి.

2006లోనే తమిళనాడు శాసనసభ తమిళ బోధనను ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తప్పనిసరి చేయు చట్టమును ఆమోదించినది. అల్పసంఖ్యాక భాషల బడులు న్యాయస్థానములకు పోవుట మీరెరిగినదే. ఆ చర్చ ఇచ్చట మన పని కాదు. ఈ నగరమున పెరుగు పిల్లలకు తమిళము రావలసినదే. కాని దినమునకు గల గంటలు పెరుగవు గదా. తెలుగు ఒక పీరియడ్‌కు కుదించుకొనిపోయిన చోట, పాఠ్యపుస్తకము దాటి తెలుగు చదువుటకు పిల్లలకు సొంత కారణమొకటి ఉండవలెను. లేనిచో తెలుగు వారికి మాటగా మిగిలి, అక్షరముగా పోవును. తాతగారు చెప్పిన కథ మనుమడు వినగలడు. తాతగారు వ్రాసిన ఉత్తరము చదువలేడు. అట్టి ఇండ్లు మన నడుమనే పెక్కు కలవు.

ఆ వయస్సుకు తగిన తెలుగు పుస్తకములేవి? ఆంగ్లముతో పోల్చిన చాల తక్కువయే; దాచుట ఎందుకు? బాలసాహిత్యమునకును పెద్దల నవలకును నడుమ మన అలమారలో చోటు చాలవరకు ఖాళీ. అయినను ఉన్నవానిని మనము పిల్లల ముందుంచితిమా అనుట వేరు ప్రశ్న. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు' కలవు. మహమ్మద్ ఖదీర్‌బాబుగారి 'దర్గామిట్ట కతలు' కలవు. ఇవి నవలలనుటకంటె కథావళులు. కాని కథ చెప్పువాడు కుర్రవాడే, కష్టములు సుఖములు వాని వయస్సువే. మొదటివి చిత్తూరు సీమ పలుకుబడిలో, రెండవది నెల్లూరు ముస్లిం కుటుంబపు పలుకుబడిలో నడచును. చెన్నపట్టణపు తెలుగు కుటుంబములలో పెక్కు ఆ సీమల నుండి వచ్చినవే. పాఠ్యపుస్తకపు తెలుగు తమకు రాదని సిగ్గుపడు పిల్లవాడు ఇందు తన అవ్వ మాట అచ్చులో చూచి నవ్వును. అనువాదములలో టెట్సుకో కురోయనాగి జపాను భాషలో వ్రాసిన పుస్తకమునకు తెలుగైన 'రైలుబడి' చిన్నవారికి తగినది. ఐత్మాతోవ్ వ్రాసిన 'తొలి ఉపాధ్యాయుడు', 'జమీల్యా' పెద్దవారికి. ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానాయు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థయు కలిసి పోటీలు జరపి పిల్లల నవలలను ప్రచురించుచున్నవి. కల్కి వ్రాసిన 'పొన్నియిన్ సెల్వన్'కు తెలుగు అనువాదము కలదు. 2022లో చలనచిత్రమైన తరువాత తమిళ సహాధ్యాయుల నోట ఈ కథ మరల నలిగినది. 'అంబులిమామ', 'చందమామ'ల నాటి సౌకర్యము దీనితో కొంత తిరిగి రాగలదు.

పుస్తకము కొని ఇచ్చినంత మాత్రమున కార్యము నెరవేరదు. పది పుస్తకములు ఒక్కొక్క ప్రతి కొనుటకంటె ఒకే పుస్తకము ఐదు ప్రతులు కొని, ఐదిండ్ల పిల్లలకు ఒకే వారమున ఇచ్చుట మేలు. బంధువుల పిల్లలైనను సరే, ఒక వీధివారైనను సరే. వారు తెలుగు పుస్తకమును గూర్చి సగము ఆంగ్లమున, పావు తమిళమున మాటలాడుకొన్నను అడ్డు తగులరాదు. చదువుచున్నది తెలుగు గదా! చదివిన పిమ్మట 'నీతి యేమి?' అని అడిగితిమా, అది పాఠమైపోవును. నవలలోని ప్రతి పాత్రయు సత్ప్రవర్తన గలదై ఉండవలెననియు పట్టుబట్టరాదు. ముందుగా మనము చదివి చూచుకొనుట తల్లిదండ్రుల హక్కే. కాని వారి సంభాషణలో పిలువక పోయి కూర్చుండుట వేరు. మనము గదిలోనికి రాగానే ఆ మాటలు ఆగిపోవును.

ప్రతులు దొరకనివారికి ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయము కలదు. 1896లో ప్రారంభమైన ఈ గ్రంథాలయము, 1954 నాటి చట్టము ననుసరించి దేశమున అచ్చగు పుస్తకముల ప్రతి చేరవలసిన నాలుగు గ్రంథాలయములలో ఒకటి. పిల్లలను గుంపుగా తీసికొనిపోయి, బీరువాల నడుమ ఒక గంట వదలివేసినచో చాలును. తాము ఎన్నుకొన్న పుస్తకమునకు తామే ప్రచారకులగుదురు.

లిపి తడబడు పిల్లల మాటయేమి? గుంపులో ఒకరు బిగ్గరగా చదువవలెను, మిగిలినవారు తమ ప్రతులలో వ్రేలు పెట్టి అనుసరింపవలెను. ఇందుకు 'దర్గామిట్ట కతలు' వంటి చిన్న కథలు అనుకూలము. శనివారము మధ్యాహ్నము అరగంట చాలును. చదువువారు కథ ముగియుటకు రెండు పుటల ముందు ఆపి, పుస్తకమును బల్లపైననే తెరచి ఉంచి లేచిపోవుట మంచిది.