కోన నీళ్ళలో ఈత

ముత్తుకూరు పక్కన నీళ్ళకు కొదవ లేదు. తూర్పున సముద్రం. ఊళ్ళ చుట్టూ ఉప్పు కాలువలు, రొయ్యల గుంటలు, వరి కయ్యలకు నీళ్ళిచ్చే చెరువులు. ఇక్కడి పిల్లలు చిన్నప్పుడే నీళ్ళలో దిగుతారు. నడుముకు బెండు కట్టుకుని చేతులూ కాళ్ళూ ఆడిస్తారు. కొన్నాళ్ళకు బెండు విప్పేస్తారు. ఈత వచ్చేస్తుంది.

ఈ మండలంలోని కృష్ణపట్నం దగ్గర ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. దాని పేరు కండలేరు. అక్కడ నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పు. కానీ ఇదే ఏరు పడమట వెలిగొండల్లో తియ్యగా వుంటుంది. రాపూరు మండలంలోని పెంచలకోన దగ్గర కొండ నీళ్ళు జలపాతమై దూకి ఈ ఏటిలో పడతాయి. కణ్వ మహర్షి అక్కడ తపస్సు చేశాడట. ఆయన పేరు మీద కణ్వలేరు అన్నారట. అదే జనం నోట కండలేరు అయిందంటారు.

కొండకూ సముద్రానికీ నడుమ ఈ ఏటికి అడ్డంగా పెద్ద మట్టికట్ట వుంది. అది కండలేరు జలాశయం. తెలుగు గంగ కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు దీనిలోకి వస్తాయి. ఇక్కడి నుంచే 1996లో మద్రాసుకు తాగునీళ్ళు చేరాయి. మద్రాసు పేరు చెన్నై అని మారింది కూడా ఆ ఏడే.

పెంచలకోనకు పోవాలంటే నెల్లూరు చేరి, పొదలకూరు, రాపూరు మీదుగా పోవాలి. నెల్లూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ పెనుశిల లక్ష్మీనరసింహస్వామి గుడి వుంది. వైశాఖంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అప్పుడు ఎండలు మండుతుంటాయి, జలపాతం సన్నగా కారుతుంది. నెల్లూరు సీమకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అందుకే కార్తీకం, మార్గశిరం నెలల్లో జలపాతం నిండుగా దూకుతుంది. ఈత సరదా వున్న కుర్రవాళ్ళు ఆ రోజులే చూసుకుని బయలుదేరుతారు. ప్రమాదం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువ.

గుడి దాటితే అడవి. ఏటి వెంబడి రాళ్ళ మీద నడవాలి. ఈ అడవిని 1997లో అభయారణ్యంగా ప్రకటించారు. అంటే జంతువులకు రక్షణ వున్న అడవి. చిరుతలు, ఎలుగుబంట్లు వున్నాయి. పొద్దు వాలితే అవి నీళ్ళకు వస్తాయి. కాబట్టి పొద్దున్నే పోయి, ఎండ వుండగానే తిరిగి రావాలి. వానలు ముదిరినప్పుడు అటవీ శాఖ వారు పోవద్దంటే వాళ్ళ మాట వినాలి. దారిలో బోర్డు కనిపిస్తే కూడబలుక్కునైనా చదవాలి. "లోతు ఎక్కువ" అన్న రెండు మాటలు ఒక ప్రాణం ఖరీదు.

జలపాతం కింద మడుగు ఎందుకు ఏర్పడుతుంది? నీళ్ళు ఎత్తు నుంచి ఒకేచోట పడతాయి. వాటితో ఇసుక, గులకరాళ్ళు గిర్రున తిరుగుతాయి. రోట్లో రోకలి తిరిగినట్టు అవి కింది బండను అరగదీస్తాయి. వేల ఏళ్ళకు అక్కడ గుండం పడుతుంది. అంచున మోకాలి లోతు వుంటుంది. ఒక్క అడుగు ముందుకు వేస్తే మనిషి మునిగే లోతు. చెరువులో లోతు మెల్లగా పెరుగుతుంది. ఇక్కడ అలా కాదు.

సముద్రంలో ఈదే మొనగాడు కూడా ఈ గుండంలో తడబడతాడు. లీటరు మంచినీళ్ళు కిలో తూగుతాయి. లీటరు సముద్రపు నీళ్ళు ఇంకో 25 గ్రాములు ఎక్కువ తూగుతాయి. బరువైన నీళ్ళు మనిషిని బాగా తేలుస్తాయి. మంచినీళ్ళలో ఒళ్ళు కొంచెం కిందికి దిగుతుంది. ఇక నీళ్ళు పడేచోట అంతా నురగ. నురగలో నీళ్ళు కొంచెం, గాలి ఎక్కువ. గాలి మీద ఎవరు ఈదగలరు? పైనుంచి పడే నీళ్ళేమో కిందికి తొక్కుతాయి. అందుకే ధార కిందికి ఈదుకుంటూ పోకూడదు.

చలి సంగతి చాలామందికి తెలియదు. కొండ నీడలో నీళ్ళు చల్లగా వుంటాయి. నడిచి చెమటపట్టిన ఒంటితో ఒక్కసారిగా దూకితే గుండె దడదడలాడుతుంది. నోరు తెరుచుకుని గాలి పీలుస్తారు. గాలికి బదులు నీళ్ళు పోతాయి. కాసేపు కూర్చుని, కాళ్ళూ చేతులూ తడుపుకుని, మెల్లగా దిగాలి. బండ మీదినుంచి తలకిందులుగా దూకితే అడుగున రాయి తగిలి మెడ విరుగుతుంది. తాగినవాణ్ణి అసలు దిగనివ్వకూడదు.

కోనలో ఎండ కాస్తున్నా కొండపైన వాన కురుస్తూ వుండవచ్చు. ఆ నీళ్ళు ఒక్కసారిగా కిందికి వస్తాయి. తేటనీళ్ళు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. చెప్పులు, బట్టలు, సెల్‌ఫోను అంటూ వెనక్కి తిరగకూడదు. ఏరు దాటి అవతలి గట్టున చిక్కుకుంటే, నీళ్ళు తీసేదాకా అక్కడే వుండటం మేలు.

ఎవరైనా మునిగిపోతుంటే ఏం చెయ్యాలి? వెనకే దూకకూడదు. మునిగేవాడు దొరికినవాణ్ణి గట్టిగా వాటేసుకుంటాడు. ఇద్దరూ పోతారు. తాడు, చీర, పొడుగాటి కర్ర అందివ్వాలి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా అది పట్టుకుని తేలతాడు.

గట్టుకు చేర్చాక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం పాత అలవాట్లు. వాటివల్ల విలువైన నిమిషాలు పోతాయి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి చూడాలి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి 5 సార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము నడుమ రెండు చేతులతో గబగబా 30 సార్లు గట్టిగా నొక్కాలి. మళ్ళీ 2 సార్లు ఊదాలి. ఊపిరి వచ్చేదాకా ఇలాగే చెయ్యాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. కొండల నడుమ ఫోను అందకపోతే గుడి దగ్గరికి పరుగెత్తాలి. అందుకే ఇద్దరు పోవడం కంటే నలుగురు పోవడం మంచిది.

లేచి కూర్చుని మాట్లాడినా సరే, మునిగి తేలిన మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత ఆయాసం తెస్తాయి. డాక్టరు చూసి పొమ్మన్నాకే ముత్తుకూరు దారి పట్టాలి.