మగ చిమ్మెట వాసన పట్టే విధము

మీలో పలమనేరు, కుప్పం ప్రాంతాలవారు చాలామంది ఉన్నారు. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు మీకు కొత్త కాదు. అయితే పురుగు గూడు కట్టగానే మనం దానిని మార్కెట్టుకు తీసుకువెళ్తాం, ధర ఎంత పలికిందని చూసుకుంటాం. ఆ గూటిలోనుండి చిమ్మెట బయటికి రావడం చూసినవారు తక్కువ. అది చూడాలంటే పట్టుపురుగు గుడ్లు తయారుచేసే గ్రైనేజికి తెల్లవారుజామునే వెళ్లాలి. (చిమ్మెట అనగానే సంఘంలో పెరిగిన మనకు బట్టలు కొట్టివేసే పురుగే గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది దానికి చుట్టమే గాని, అది కాదు.)

ఆడ చిమ్మెట బరువైన పొట్టతో ఒకచోట కూర్చుంటుంది. పొట్ట చివరనుండి రెండు చిన్న పసుపుపచ్చ సంచులను బయటికి చాపుతుంది, అంతే. అంతవరకు నిద్రపోతున్నట్లు ఉన్న మగది ఉన్నట్టుండి రెక్కలు టపటపా కొట్టడం మొదలుపెడుతుంది. ఎగురుదామని కాదు. వేల ఏళ్లుగా మనుషుల చేతిలో పెరిగిన ఈ జాతికి ఎగరడమే పోయింది. రెక్కలు కొట్టి, ఎదుటి గాలిని తన మీసాల మీదికి లాక్కుంటుంది. ఆ తరువాత అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ నడిచి ఆడదానిని చేరుతుంది.

దానిని రప్పించింది చూపా, వాసనా? 19వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు ఫాబ్ర్ మరొక జాతి పెద్ద చిమ్మెటల మీద దీనిని పరీక్షించాడు. ఆడదానిని గాలి చొరని గాజుపాత్రలో పెడితే, అది కళ్లకు కనబడుతూనే ఉన్నా, మగవి రాలేదు.

మరి ఆ వాసన ఏ పదార్థము? పట్టు చిమ్మెట విషయంలో దీనికి జవాబు 1959లో దొరికింది. జర్మనీ శాస్త్రవేత్త బూటెనాంట్, ఆయన తోటివారు సుమారు ఇరవై ఏళ్లు పాటుపడి, ఐదు లక్షల ఆడ చిమ్మెటల గ్రంథులనుండి కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే రాబట్టగలిగారు. పట్టుపురుగు శాస్త్రీయ నామం బాంబిక్స్ మోరి గనుక దానికి బాంబికోల్ అని పేరు పెట్టారు. ఒక జీవి విడిచి, అదే జాతిలోని మరొకదాని నడతను మార్చే ఇలాంటి పదార్థాలకు ఫెరోమోన్ అనే పేరు వచ్చినది కూడా ఆ సంవత్సరమే.

ఇప్పుడు మగదాని మీసం దగ్గరికి రండి. అది దువ్వెనలా ఉంటుంది. ఆ పళ్ల నిండా కంటికి ఆనని సన్నని వెంట్రుకలు, ఒక్కొక్క మీసానికి సుమారు 17,000. ప్రతి వెంట్రుకకూ సూక్ష్మమైన రంధ్రాలు, లోపల ద్రవం. గాలిలో వచ్చిన బాంబికోల్ అణువు ఆ రంధ్రంగుండా దిగుతుంది. అది నూనెలాంటిది, నీళ్లలో సులభంగా కరగదు. అందుకని ఒక ప్రోటీను దానిని మోసుకొని నాడీకణం దాకా చేరుస్తుంది. అక్కడ తాళంలో తాళపుచెవి పట్టినట్లు పట్టే గ్రాహకం ఉంది. దానిని 2004లో జపాను శాస్త్రవేత్తలు గుర్తించారు. ఒక్క అణువు తగిలితే చాలు, ఆ నాడి పలుకుతుంది. పని అయిన అణువులను ఎంజైములు విరగ్గొట్టి పారవేస్తాయి. లేకపోతే పాత వాసన ఏదో, కొత్త వాసన ఏదో మగదానికి తెలియదు. ఒక చిత్రం చూడండి: ఇంత వాసన విడిచే ఆడదాని మీసాలకు బాంబికోల్ తెలియనే తెలియదు!

అయితే వాసన పట్టడం ఒక ఎత్తు, పోల్చుకోవడం ఒక ఎత్తు. ఆ ఒక్కొక్క వెంట్రుకలో ఒకటి కాదు, రెండు నాడీకణాలు ఉన్నాయి. ఒకటి బాంబికోల్‌కు పలుకుతుంది. రెండవది బాంబికాల్ అనే మరో పదార్థానికి. ఈ రెండింటికీ తేడా ఎంత? రెండు హైడ్రోజన్ పరమాణువులు! మొదటి నాడి పలికితే మగది రెక్క కొడుతుంది. రెండవది కూడా గట్టిగా పలికితే ఆ ఊపు తగ్గిపోతుంది. ఒకటి రమ్మంటుంది, మరొకటి ఆగమంటుంది. మనం ఏ ప్రయోగశాలలోనో పరికరాలు పెట్టి తేల్చుకోవలసిన తేడాను ఆ చిన్న ప్రాణి మీసంతో తేల్చుకుంటుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మదనపల్లె వైపు టమోటా వేసేవారికి, తిరుపతి చుట్టుపక్కల చెనక్కాయ వేసేవారికి ఇది కూటికి సంబంధించిన సంగతి. చేలో కట్టే లింగాకర్షక బుట్టలు పనిచేసేది ఈ సూత్రం మీదనే. టమోటా కాయ తొలిచే శనగపచ్చ పురుగుకు వాడే ఎరలో రెండు పదార్థాలుంటాయి. సాధారణంగా నూటికి 97 పాళ్లు ఒకటి, 3 పాళ్లు రెండవది. రెండూ దాదాపు ఒకటే, లోపలి ఒక బంధం ఉన్న చోటు మాత్రం వేరు. ఆ 3 పాళ్లే కదా అని తీసివేస్తే మగవి సరిగా రావు. చెనక్కాయకు పట్టే పొగాకు లద్దెపురుగు ఎర పూర్తిగా వేరు పదార్థాలతో చేసినది.

కొన్నేళ్ల క్రితం నాకు తెలిసిన ఒక సహోదరుడు తన టమోటా తోటలో బుట్టలు కట్టాడు. “బుట్టలో ఒక్కటీ పడలేదయ్యగారూ, ఈసారి పురుగు లేదు” అని సంతోషంగా చెప్పాడు. పది రోజులకు కాయలు చూస్తే తూట్లు. అప్పు తెచ్చి పెట్టిన పంట! ఎర తెచ్చిన కవరు తీసి చదివితే, అది పొగాకు లద్దెపురుగుది. అంగడివాడు ఇచ్చాడు, ఇతను కట్టాడు. శనగపచ్చ పురుగు మగవి ఆ బుట్టల పక్కగానే రాత్రంతా తిరిగి ఉంటాయి. వాటికి అది ఆడదాని వాసన కాదు, అంతే. ఆయన అంగడివాణ్ణి చాలా రోజులు తిట్టుకున్నాడు. నేనైతే ఇద్దరిదీ తప్పేనంటాను, కవరు మీద పేరు తెలుగులోనే ఉంది.

కాబట్టి ఎర కొనేటప్పుడు పంట పేరు కాదు, పురుగు పేరు చెప్పి అడగండి. ఒక ఎర ముట్టిన చేతితో కడుక్కోకుండా మరొకటి ముట్టవద్దు. బుట్టను పైరుకన్నా అడుగు ఎత్తున కట్టండి, కవరు మీద రాసిన గడువుకు ఎర మార్చండి. మరొక సంగతి. ఎర సరియైనదే కట్టి, బుట్ట నిండినా, అందులో పడినవన్నీ మగవే. గుడ్లు పెట్టే ఆడది ఇంకా తోటలోనే ఉంటుంది. గనుక బుట్టలో లెక్క పెరిగిన రోజున ఆకులు, పూత, లేత కాయలు తిప్పి గుడ్లకోసం వెదకండి.