ఒకే ఇంటి పేరున్న రెండు మీటర్లు

గణపవరం చుట్టుపక్కల చెరువుల మీద బతికేవాళ్లకు తెల్లవారుజామున మూడు గంటలంటే భయం. రాత్రంతా నాచూ, చేపలూ, రొయ్యలూ పీల్చేయగా నీళ్లలో ఆక్సిజన్ అడుగంటే వేళ అది. కాపలా మనిషి టార్చిలైటు వేసుకుని గట్టు దిగి, వైరు చివరి గొట్టాన్ని నీళ్లలో ముంచుతాడు. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 3కి దిగిందంటే ఏరేటర్లు వేయాల్సిందే.

షుగరున్న పిల్లాడి ఇంట్లో తల్లి కూడా సరిగ్గా ఆ వేళకే లేస్తుంది. వాడి వేలు పట్టుకుని చురుక్కుమని పొడిచి, రక్తపు చుక్కను స్ట్రిప్పుకు అంటిస్తుంది. 70 కంటే తక్కువుంటే లేపి పంచదార నీళ్లు పట్టాలి.

ఈ రెండు మీటర్లకూ మూలపురుషుడు ఒక్కడే. లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్. రక్తానికి ఆక్సిజన్ పట్టించే పరికరం తయారుచేసి, దాని మీద వ్యాసం రాసి పంపితే పత్రికవాళ్లు తిప్పికొట్టారు. బయటికొచ్చే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కొలవలేదు కదా అన్నారు. సరే, కొలిచేదే చేద్దామని కూర్చున్నాడు. ప్లాటినం తీగకు పల్చటి ప్లాస్టిక్ పొర తొడిగాడు. పొర దాటి వచ్చిన ఆక్సిజన్ తీగను తాకితే కరెంటు పుడుతుంది. ఆక్సిజన్ ఎంతుంటే కరెంటు అంత. 1956లో ప్రచురించిన ఈ ఉపాయమే ఎన్నో డీవో మీటర్ల గొట్టాల్లో ఉన్నది.

1962లో ఛాంప్ లయన్స్‌తో కలిసి ఆ పొర మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును కూర్చాడు. అది గ్లూకోజును మార్చేటప్పుడు ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది. గ్లూకోజు ఎక్కువుంటే ఆక్సిజన్ అంత తరుగుతుంది. మేత ఎక్కువైన చెరువులో డీవో పడిపోయినట్టే!

అప్పటికి ఇన్సులిన్ వచ్చి నలభై ఏళ్లయింది. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలి సూది వేశారు. అంతకుముందు ఈ జబ్బు పిల్లలకు చావే. మందు దొరికింది సరే, ఏ పూట ఎంత వేయాలో చెప్పేదెవరు? మూత్రంలో బెనెడిక్ట్ ద్రావణం కలిపి కాచి రంగు చూసేవారు. నీలమైతే ఫరవాలేదు, ఇటుక రంగైతే షుగర్ బాగా ఉన్నట్టు. మన ఆక్వా ల్యాబుల్లో చుక్కలేసి అమ్మోనియా చూసే పద్ధతే. కానీ మూత్రం చెప్పేది గంటల కిందటి కబురు. షుగర్ పడిపోతే ఆ సంగతి అసలే చెప్పదు.

1970 ప్రాంతంలో ఆమ్స్ కంపెనీ చుక్క రక్తంతో చూసే మీటరు తెచ్చింది. కిలోకు పైగా బరువు, అదీ డాక్టర్లకే అమ్మేవారు. పన్నెండో ఏట నుంచి షుగరున్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, డాక్టరైన భార్య పేరు మీద ఒకటి తెప్పించుకున్నాడు. రోజుకు పలుమార్లు కొలుచుకుని డోసు సరిచేసుకుంటే మనిషి కుదుటపడ్డాడు. ఆ అనుభవం రాస్తే వైద్య పత్రికలు వేసుకోలేదు. దాంతో నలభై దాటాక మెడికల్ కాలేజీలో చేరి డాక్టరే అయ్యాడు. నాకైతే ఈ కథంతటిలో నచ్చిన మొండిమనిషి ఈయనే.

1987లో పెన్నంత ఎక్సాక్‌టెక్ వచ్చింది. అందులో ఆక్సిజన్ పనిని ఫెర్రోసీన్ అనే ఇనుము ఉన్న పదార్థం చేస్తుంది. ఎంజైము, కరెంటు క్లార్క్ దారే. 1993లో వెలువడ్డ పెద్ద అమెరికా అధ్యయనంలో 13 నుంచి 39 ఏళ్ల వాళ్లు 1,441 మంది ఉన్నారు. తరచూ కొలుచుకుంటూ షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లలో, అంతకుముందు కంటి జబ్బు లేనివారికి అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది.

మీటరు ఖర్చు ఒక్కసారే, స్ట్రిప్పులే నిత్యం. చెరువు తవ్వకం ఒకసారి, మేత రోజూ అన్నట్టు.

పిల్లలకు షుగరేమిటి, మిఠాయిలు తిన్నందుకేనా అని ఇంకా అడిగేవాళ్లున్నారు. కాదు. ఇన్సులిన్ చేసే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పాడుచేయడం వల్ల వస్తుంది. పిల్లాడు బిందెలు బిందెలు నీళ్లు తాగుతున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, తిన్నది తింటూనే చిక్కిపోతున్నా ఆ రోజే ఒక చుక్క రక్తం చూపించండి. రేపటికి ఆగొద్దు.